ప్రాణవాయువు ఎంత ఇస్తే అంత మంచిదా?



ఆక్సిజన్‌కు మన భాషలో 'ప్రాణవాయువు' అని పేరు. పేరు పెట్టిన పెద్దల ఉద్దేశం మంచిదే. కాని ఆ పేరే నేడు ఒక దురభిప్రాయానికి ఆధారమైంది. ప్రాణమిచ్చే వాయువు గనుక ఎంత ఇస్తే అంత మేలు, ఎక్కువైతే పోయేదేమీ లేదు అని జనం నమ్ముతున్నారు. జనం సంగతి అలా ఉంచండి. కొందరు వైద్యులూ నర్సులూ కూడా అదే నమ్మకంతో పని చేస్తున్నారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువు విషయంలో ఈ నమ్మకం తప్పు, పైగా ప్రమాదకరం. కొలత లేకుండా వదిలిన ప్రాణవాయువు ఆ శిశువు చూపును శాశ్వతంగా హరించగలదు. హరించిన తరువాత మనం దానికి 'తలరాత' అని పేరు పెట్టి చేతులు కడుక్కుంటున్నాము. ఈ రెండు పేర్ల మీదనే నా అభియోగం.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకుంటాను. 1980ల తొలి సంవత్సరాలలో నేనొక ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వార్డు చూస్తున్నాను. ఏడో నెలలో పుట్టిన ఒక ఆడశిశువును చేర్చారు. బరువు కిలోన్నరకు తక్కువ. తల చుట్టూ ప్లాస్టిక్ హుడ్ పెట్టి సిలిండరు విప్పి వదిలాము. లోపల ప్రాణవాయువు ఎంత శాతం ఉందో కొలిచే సాధనం లేదు. రక్తంలో ఎంత చేరుతోందో చూపే పల్స్ ఆక్సిమీటరు మా వార్డుకు ఇంకా రాలేదు. ఒళ్ళు గులాబి రంగులో ఉంటే చాలు, అదే మా కొలత. రెండు వారాలకు పైగా అలాగే ఇచ్చాము. బిడ్డ బతికింది. వార్డంతా సంతోషించింది.

ఆరు నెలల తరువాత తల్లి ఆ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. "పిల్ల నా మొహం చూట్టం లేదండీ డాక్టరుగారూ. దీపం చూపించినా కన్ను తిప్పట్లేదు" అంది. టార్చి వేసి చూశాను. రెండు కంటిపాపల వెనుకా తెల్లని పొర. పక్కనున్న అమ్మమ్మ, "దాని తలరాత బాబూ, తమరేం చేస్తారు?" అని నన్నే ఓదార్చింది. ఆ ఓదార్పు తీసుకుని నేను మౌనంగా ఉండిపోయాను. ప్రాణవాయువును కొలవకుండా ఇవ్వడం మొదటి తప్పు. దానికి ఆనాటి వసతుల లేమిని కొంత సాకుగా చెప్పుకోవచ్చు. ఆ మౌనానికి ఏ సాకూ లేదు. అది తలరాత కాదని నాకు తెలుసు. పాఠ్యగ్రంథంలో చదివి, పరీక్షలో రాసి వచ్చినవాణ్ణి.

రక్తనాళం నీటి గొట్టం కాదు

ఈ అంధత్వం ఎలా వస్తుందో గ్రహించాలంటే మెదడులో రక్తనాళాలు ఎలా పుడతాయో కొంచెం తెలియాలి. ఓపికగా చదవండి, కష్టమైనదేమీ కాదు.

ఇంటికి నీటి గొట్టాలు వేసేవారు ముందుగా నకలు గీసుకుంటారు. శరీరం అలా చేయదు. గర్భంలో తొలి వారాలలో మెదడు లోపల రక్తనాళాలే ఉండవు. మెదడు పైభాగాన వలలాగా అల్లుకుని ఉంటాయి. లోపలి కణాలు పెరిగి, వాటికి ప్రాణవాయువు చాలకపోయినప్పుడు అవి కొన్ని ప్రోటీనులను విడుదల చేస్తాయి. వాటిలో ముఖ్యమైనది వీఈజీఎఫ్. అది ఒక పిలుపు. ఆ పిలుపు వచ్చిన దిక్కుకు రక్తనాళం కొసన ఉన్న కణం సన్నని వేళ్ళ వంటి పోగులు చాచి పాకుతుంది. అది పాకుతూనే తన పక్క కణాలకు 'నీవు ముందుకు రావద్దు, నా వెనుక గోడ కట్టు' అని మరొక సంకేతం అందిస్తుంది. అందరూ ముందుకు ఉరికితే నాళం ఏర్పడదు, చిక్కుముడి ఏర్పడుతుంది. కావలసినంత నాళం అల్లుకున్నాక కణాలకు ప్రాణవాయువు అందుతుంది, పిలుపు దానంతట అదే తగ్గుతుంది.

ప్రాణవాయువు కొరతను కణాలు ఎలా పసిగడతాయో వివరించినందుకే సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. కొరత ఉన్నప్పుడు ఒక ప్రోటీను కణంలో నిలిచి వీఈజీఎఫ్ తయారీకి ఆజ్ఞ ఇస్తుంది. ప్రాణవాయువు సమృద్ధిగా ఉంటే ఆ ప్రోటీను నిమిషాలలో నశిస్తుంది, ఆజ్ఞ ఆగిపోతుంది. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకోండి. ఈ వ్యాసమంతా దాని మీదనే నిలబడి ఉంది.

మెదడు తన నాళాలను పిలిచి ఊరుకోదు, వాటి స్వభావాన్ని కూడా మారుస్తుంది. తక్కిన శరీరంలోని సన్నని నాళాల గోడలు అనేక పదార్థాలను బయటకు పోనిస్తాయి. మెదడులోని నాళాలు అలా పోనివ్వవు. 1885లో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించినప్పుడు అవయవాలన్నీ రంగు తేలాయి, మెదడు మాత్రం తేలలేదు. ఈ కట్టుదిట్టం నాళానికి పుట్టుకతో వచ్చిందా, మెదడు నేర్పిందా అన్నది చాలా కాలం తేలని ప్రశ్న. 1981లో స్టూవర్ట్, వైలీ అనే ఇద్దరు పరిశోధకులు పూరేడు పిట్ట పిండంలోని మెదడు ముక్కను కోడి పిండం పొట్టలో నాటారు. కోడి పొట్టలోని మామూలు నాళాలే ఆ ముక్కలోనికి పెరిగాయి, పెరిగి మెదడు నాళాల వలె కట్టుదిట్టంగా మారాయి. అంటే నాళానికి ఆ గుణం నేర్పేది చుట్టూ ఉన్న కణజాలమే. నేర్పే సంకేతాలలో ప్రధానమైనవి 'వింట్' కుటుంబానికి చెందిన ప్రోటీనులని 2008లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపాయి.

ఇక కంటి మాట. రెటీనా అని మేము పిలిచే దృష్టిపటలం నిజానికి మెదడులో భాగమే. పిండం నాలుగో వారంలో మెదడు ముందు భాగం నుంచి బయటకు పొడుచుకు వచ్చిన మొలకే కన్నుగా మారుతుంది. అందుచేత అక్కడి నాళాలు కూడా మెదడు నాళాల పద్ధతిలోనే పెరుగుతాయి. 'నారిన్' అనే ప్రోటీను వింట్ సంకేతాలు నడిచే దారిలోనే పని చేసి దృష్టిపటలపు నాళాలను నిర్మిస్తుంది. జన్యులోపం వలన ఆ ఒక్క ప్రోటీను సరిగా లేని మగశిశువులు నోరీ వ్యాధితో పుట్టుగుడ్డివారవుతారు. ఒక్క సంకేతం లోపిస్తే చూపే లేదు!

సగంలో తెగిన పని

దృష్టిపటలంలో రక్తనాళాలు గర్భం 16వ వారం ప్రాంతంలో కంటి నరం మొదలు వద్ద బయలుదేరుతాయి. అంచు వైపుకు మెల్లగా పాకుతాయి. ముక్కు వైపు అంచును చేరేసరికి 36 వారాలు, కణత వైపు అంచును చేరేసరికి సుమారు 40 వారాలు అవుతాయి. అంటే నెలలు నిండే వరకూ ఈ పని జరుగుతూనే ఉంటుంది.

ఈ పనికి గర్భంలోని వాతావరణం అనుకూలం. పిండం రక్తంలో ప్రాణవాయువు పీడనం సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లే. పుట్టి ఊపిరి పీల్చిన తరువాత అది రెండు మూడు రెట్లు పెరుగుతుంది. గర్భంలోని ఆ తక్కువ పీడనాన్ని మనం లోపంగా భావిస్తాము. అది లోపం కాదు. 'ఇంకా నాళాలు కావాలి' అనే పిలుపు ఆ వాతావరణంలోనే పుడుతుంది.

ఇప్పుడు 28 వారాలకే పుట్టిన శిశువును ఊహించండి. నాళాలు సగం దారిలో ఉన్నాయి. మనం సిలిండరు విప్పాము. రక్తంలో ప్రాణవాయువు ఒక్కసారిగా పొంగింది. దృష్టిపటలం 'నాకు కొరత లేదు' అని భ్రమపడింది. పిలుపు ఆగింది. నాళాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, లేతవి కొన్ని మూసుకుపోయాయి. 1950ల తొలినాళ్ళలో లండన్‌లో నార్మన్ ఆష్టన్ పిల్లి కూనల కళ్ళలో ఈ దశను స్పష్టంగా చూపాడు. తల్లి గర్భంలో అందుతున్న ఐజీఎఫ్-1 అనే పెరుగుదల ప్రోటీను పుట్టగానే తగ్గిపోవడం కూడా దీనికి తోడవుతుంది.

కొన్ని వారాలు గడుస్తాయి. శిశువు కోలుకుంటుంది. ప్రాణవాయువు గొట్టం తీసేస్తారు. కాని దృష్టిపటలం మాత్రం ఎదుగుతూనే ఉంది. నాళాలు చేరని అంచు భాగం ఇప్పుడు నిజంగా అలమటిస్తుంది. ఆగిన పిలుపు ఈసారి కేకగా వస్తుంది. వీఈజీఎఫ్ వరదలా విడుదలవుతుంది. దానికి స్పందించి పుట్టే నాళాలకు క్రమం లేదు, గట్టిదనం లేదు. దృష్టిపటలాన్ని విడిచి కంటి మధ్య జెల్లీలోనికి గుబురుగా లేస్తాయి, రక్తం కారుస్తాయి, మచ్చగట్టి దృష్టిపటలాన్ని లాగి గోడ నుంచి ఊడదీస్తాయి. దీనినే రెటినోపతి ఆఫ్ ప్రిమెచ్యూరిటీ, సంక్షిప్తంగా ఆర్.ఓ.పి. అంటారు.

ఇందులోని మోసాన్ని గమనించండి. హాని మొదలయ్యేది ఆసుపత్రిలో. చూపు పోయేది ఇంటికి వెళ్ళిన తరువాత. బిడ్డ పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది, కళ్ళు బయటికి చక్కగా ఉన్నాయి. ఎవరికీ అనుమానం రాదు.

కన్నుకే కాదు, మెదడుకూ ఇలాంటి అపాయం ఉంది. నెలలు నిండని శిశువు మెదడు గదుల అంచున కొత్త కణాలు పుట్టే ఒక ప్రదేశం ఉంటుంది. అక్కడి నాళాలకు ఆనుకుని నిలబెట్టే పెరిసైట్ కణాలు ఇంకా పలుచగా ఉంటాయి. రక్తపోటులో చిన్న ఒడిదుడుకుకే అవి చిట్లుతాయి. ఈ రక్తస్రావం ఎక్కువగా పుట్టిన మొదటి మూడు రోజులలోనే జరుగుతుంది. నెలలు నిండకముందే కాన్పు తప్పదని తెలిసినప్పుడు తల్లికి ఇచ్చే చవకైన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు శిశువు ఊపిరితిత్తులతో పాటు ఈ నాళాలకూ రక్ష. ఆ ఇంజెక్షన్లు ఇచ్చారా అని అడిగే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది.

ప్రాణమా, చూపా?

ఈ మాట ఎత్తగానే కొందరు వైద్య మిత్రులు నాపై విరుచుకుపడతారు. "చచ్చిపోయే బిడ్డకు ప్రాణం పోస్తుంటే మీరు కళ్ళ గురించి మాట్లాడతారేమిటి?" అంటారు. ఇది బలమైన వాదం. దీనికి చరిత్రే జవాబు చెబుతుంది.

1942లో బోస్టన్‌లో థియొడోర్ టెర్రీ అనే నేత్రవైద్యుడు ఈ అంధత్వాన్ని మొదట వర్ణించాడు. విచిత్రమేమిటంటే పేద ఆసుపత్రులలో కన్నా మంచి ఇన్‌క్యుబేటర్లు ఉన్న గొప్ప ఆసుపత్రులలోనే అంధులు ఎక్కువ. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే వైద్యురాలు ప్రాణవాయువు ధారాళంగా ఇచ్చే చోటనే ఈ జబ్బు ఎక్కువని గమనించింది. అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి జరిపిన పరీక్ష 1954లో దానిని రుజువు చేసింది. అప్పటికే ప్రపంచంలో సుమారు 10,000 మంది పిల్లలు చూపు కోల్పోయారని అంచనా. 1950లో నెలలు నిండక పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకరు.

ఆపైన వైద్యలోకం రెండో తప్పు చేసింది. భయంతో ప్రాణవాయువును గుడ్డిగా తగ్గించింది. అంధత్వం తగ్గింది, మరణాలు పెరిగాయి. ఒక్క బిడ్డ చూపు కాపాడటానికి సుమారు 16 మంది బిడ్డలు ప్రాణాలు కోల్పోయి ఉంటారని 1973లో బ్రిటన్‌లో ఒక అంచనా వెలువడింది.

అందుచేత 'ఎక్కువ ఇవ్వండి' అన్నా తప్పే, 'తక్కువ ఇవ్వండి' అన్నా తప్పే. నా వాదం 'కొలిచి ఇవ్వండి' అని. 2010లో వెలువడిన ఒక పెద్ద అమెరికా పరిశోధనలో 24 నుంచి 27 వారాలకే పుట్టిన శిశువులను రెండు వర్గాలుగా చూశారు. ఆక్సిమీటరు అంకె 85-89 మధ్య ఉంచిన వర్గంలో తీవ్రమైన ఆర్.ఓ.పి. 8.6 శాతం, మరణాలు 19.9 శాతం. 91-95 మధ్య ఉంచిన వర్గంలో తీవ్రమైన ఆర్.ఓ.పి. 17.9 శాతం, మరణాలు 16.2 శాతం. అందుకే నేడు మరణాన్ని తప్పించే 90-95 హద్దులో ఉంచి, కంటికి మిగిలే అపాయాన్ని సకాలంలో పరీక్షించి చికిత్స చేయడమే సరైన మార్గమని నిర్ణయించారు. ప్రాణమూ చూపూ రెండూ నిలిచే దారి ఉన్నప్పుడు 'ప్రాణమా, చూపా' అని అడగడం బాధ్యత తప్పించుకోవడమే.

2021లో కోవిడ్ విజృంభించినప్పుడు మీలో చాలామంది వేలికి ఆక్సిమీటరు పెట్టుకుని ఉంటారు. అంకె 94కు తగ్గుతుందేమోనని భయపడ్డారు. 99 వస్తే సంతోషించారు. ప్రాణవాయువు పెట్టిన నెలలు తక్కువ శిశువుకు 99 వస్తే సంతోషించకండి. ఆ అంకె 95 దాటిన తరువాత రక్తంలో పీడనం 90 ఉన్నా, 300 ఉన్నా ఆక్సిమీటరు దాదాపు ఒకే మాట చెబుతుంది. ఎంత మించిపోయిందో దానికి తెలియదు. అందుకే పై హద్దుకు కూడా గంట మోగేటట్లు అమర్చాలి. ప్రాణవాయువు లేకుండా మామూలు గాలి పీలుస్తున్న శిశువుకు 98 వస్తే మాత్రం చింత లేదు. అది ఆ బిడ్డ సొంత బలం.

నాలుగు సాకులు

మొదటి సాకు: "పరికరాలు లేవు." ఆక్సిమీటరు నేడు అరుదైన వస్తువు కాదు. గాలినీ ప్రాణవాయువునూ కలిపి శాతం నిర్ణయించే బ్లెండరు అనే సాధనం వెంటిలేటరంత ఖరీదైనదీ కాదు. శిశువులకు వెంటిలేటరు కొన్న ఆసుపత్రి బ్లెండరు కొనలేదంటే లోపం డబ్బులో లేదు, ఆలోచనలో ఉంది.

రెండో సాకు: "కళ్ళు బాగానే ఉన్నాయి." బయటి నుంచి చూసి ఎవరూ ఈ జబ్బును చెప్పలేరు, పిల్లల వైద్యుడు కూడా చెప్పలేడు. చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి, నేత్రవైద్యుడు ప్రత్యేక సాధనంతో దృష్టిపటలపు అంచు వరకు చూడాలి. తెల్లని పొర కనిపించేసరికి చేయగలిగింది దాదాపు ఏమీ మిగలదు.

మూడో సాకు: "మూడో నెల వచ్చేదాకా పసిబిడ్డను గడప దాటించకూడదు." ఈ ఆచారాన్ని నేను వెక్కిరించను. నెలలు నిండిన బిడ్డను అంటువ్యాధుల నుంచి కాపాడటానికి పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది. కాని నెలలు నిండని బిడ్డ కంటికి ఆ మూడు నెలలే ఆయువుపట్టు. ఆచారం ముగిసేసరికి చూపు ముగుస్తుంది.

నాలుగో సాకు: "తలరాత." దీనికి జవాబు న్యాయస్థానమే ఇచ్చింది. తమిళనాడులో 1996లో నెలలు తక్కువగా పుట్టిన ఒక ఆడశిశువుకు కంటి పరీక్ష చేయించమని ఆసుపత్రి చెప్పలేదు. చూపు పోయింది. 2015లో సుప్రీంకోర్టు అది వైద్యుల నిర్లక్ష్యమని తీర్పు చెప్పి సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించింది. తలరాతకు ఏ న్యాయస్థానమూ పరిహారం ఇప్పించదు గదా!

మన దగ్గర మార్గం లేకపోలేదు. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన జబ్బుల జాబితాలో ఆర్.ఓ.పి. ఉంది. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు 1990ల చివరి నుంచే శిశువుల వార్డులకు తామే వెళ్ళి పరీక్షించే పద్ధతి నడిపారు. కర్ణాటకలో 2008 నుంచి శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది కెమెరాతో గ్రామీణ ఆసుపత్రులలో శిశువుల కళ్ళు చిత్రించి దూరాన ఉన్న నేత్రవైద్యులకు పంపుతున్నారు. చేయవచ్చునని రుజువైన పనిని ప్రతి శిశువుకూ చేయకపోవడమే మన నేరం.

ముప్పయ్యో రోజు

మీ ఇంట, మీ పక్కింట, మీ బంధువులలో 34 వారాలకు ముందు గాని, 2 కిలోల లోపు బరువుతో గాని బిడ్డ పుడితే ఒక్క మాట మనసులో రాసుకోండి. పుట్టిన 30 రోజుల లోపల దృష్టిపటల పరీక్ష జరగాలి. 28 వారాల కన్నా ముందు పుట్టినా, 1200 గ్రాముల కన్నా తక్కువ ఉన్నా రెండు మూడు వారాలకే జరగాలి. 34 నుంచి 36 వారాల బిడ్డకు కూడా ఎక్కువ రోజులు ప్రాణవాయువు పెట్టి ఉంటే, రక్తంలో ఇన్ఫెక్షను వచ్చి ఉంటే పరీక్ష అవసరమే. ఒకసారితో సరిపోదు. నాళాలు అంచును చేరాయని నేత్రవైద్యుడు చెప్పేవరకు పిలిచినప్పుడల్లా వెళ్ళాలి.

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ఇచ్చే కాగితంలో ఈ పరీక్ష తేదీ ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే నిలబడి రాయించండి. శిశువు ప్రాణవాయువు మీద ఉన్నప్పుడు "అంకె ఎంత ఉంది? పై హద్దు ఎంత పెట్టారు?" అని మర్యాదగా అడగండి. మంచి వైద్యుడు కోపగించుకోడు.

జబ్బు ఉన్నదని తేలితే భయపడకండి, ఆలస్యమూ చేయకండి. చికిత్స రెండు మూడు రోజులలో జరగాలి. లేజరుతో నాళాలు చేరని అంచు భాగాన్ని కాల్చుతారు. 'కంటిని కాల్చుతారా' అని తల్లులు వణికిపోతారు. అమ్మా, కాల్చేది కేక పెడుతున్న భాగాన్ని. కేక ఆగితే పిచ్చినాళాలు వాడిపోతాయి, మధ్య చూపు నిలుస్తుంది. కొందరికి వీఈజీఎఫ్‌ను అణచే మందు కంటిలోనికి ఇస్తారు. ఆ మందు తరువాత జబ్బు వారాల అనంతరం తిరగబడవచ్చు గనుక పరీక్షలు మానరాదు.

నా కాలంలో ఆ శిశువుకు ఆక్సిమీటరు లేదు, లేజరు లేదు, నేత్రవైద్యుడు లేడు. నేడు అన్నీ ఉన్నాయి. ఆ పిల్ల బతికి ఉంటే నలభై దాటి ఉంటుంది. ఆ రోజు అమ్మమ్మకు నేను చెప్పవలసిన జవాబు ఇన్నేళ్ళు ఆలస్యంగా ఇప్పుడు చెబుతున్నాను. అమ్మా, అది తలరాత కాదు. మేము కొలవలేదు, మేము చూడలేదు. ఇకనైనా కొలుద్దాము, చూద్దాము.